పొగ రాని పొయ్యి

మొన్న మా తమ్ముడి మనవరాలు రియా విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో ఉన్న మా ఇంటికొచ్చి, వీపు మీది సంచి గుమ్మంలోనే దింపి, అందులోంచి అరచేతిలో పట్టేంత రేకు డబ్బా ఒకటి బయటికి తీసింది. స్నేహితులంతా కలిసి ద్వీపాల ఉత్తరపు కొసన దిగ్లీపూర్ అవతల కొండెక్కి, తిరుగుదారిలో సముద్రం ఒడ్డున గుడారాలు వేసుకుని ఉంటారట. దానికోసం తెప్పించుకున్న పొయ్యి అది. "చూడు నానమ్మా, బిల్కుల్ బరువే లేదు" అని నా చేతిలో పెట్టింది. నేను వంటింటి వెనక గట్టు మీద కూర్చుని ఉన్నాను. పిల్ల పెరట్లో నాలుగు ఎండుపుల్లలు ఏరుకొచ్చి, విరిచి, ఆ డబ్బాలో వేసి అంటించింది. కింద మంట అందుకుంది. కాసేపటికి పై అంచు చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి మరో మంట బయల్దేరి లోపలికి తిరిగింది. "దేఖో, ధువా కొంచెం కూడా రాదు, పొగే ఉండదు! అదే దీని గొప్ప" అంది. ఆ మంటని అలా లోపలికి తిరగ్గా చూసి ఎన్నేళ్ళయిందో. అది చల్లారేదాకా నేను గట్టు మీంచి లేవలేకపోయాను. పిల్ల నాకు షుగరు పడిపోయిందనుకుని చాక్లెట్ కోసం సంచి వెతుక్కుంది.

మా నాన్న అడవి సర్వే పార్టీలో నేల కొలిచే గొలుసు పట్టే పని చేసేవాడు. స్వాతంత్య్రం వచ్చాక శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పనికోసం వచ్చినవాళ్ళలో ఆయనొకడు. నాకు ఊహ తెలిసేసరికి మేం మిడిల్ అండమాన్‌లో క్రీక్ అనే సముద్రపు పాయ పక్కన కొయ్యతో కట్టిన వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. ముందు వాకిలి దిగితే ఉప్పునీళ్ళు, వెనక తలుపు తీస్తే అడవి. మా ద్వీపాల్లో పొద్దు తొందరగా కుంకుతుంది. బళ్ళోంచి వచ్చి ఒక ఆట ఆడేలోపే చెట్ల కింద చీకటి పోగవడం మొదలయ్యేది. కీచురాళ్ళు ఒక్కసారిగా అందుకునేవి, మళ్ళీ ఎవరో కసిరినట్టు ఒక్కసారిగా ఆగిపోయేవి. అవి ఆగినప్పుడు అమ్మ చేస్తున్న పని ఆపి వెనక తలుపు వైపు చూసేది. ఎందుకని అడిగితే, "ఏటీ నేదు, నీ పని సూసుకో" అని కసిరేది.

పార్టీ అడవిలోకి వెళ్తే వారాల తరబడి అక్కడే. బియ్యం, పప్పు, గిన్నె, గుడ్డ, అన్నీ ఎవరిది వాళ్ళు వీపున మొయ్యాల్సిందే. అందుకని నాన్నకి బరువంటే మహా కోపం. అల్యూమినియం గిన్నె చెవులు కోసేసి, తీగతో పిడి బిగించి, చెయ్యి కాలకుండా దానికి బెత్తం చుట్టాడు. రెండు చేతుల్లో రెండు చెంచాలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏది తేలికో తేల్చేవాడు. తేలికని తేలినదాని కాడకి కూడా మేకుతో వరసగా చిల్లులు కొట్టాడు. అమ్మ బుగ్గలు నొక్కుకుని వరసంతా వినిపించేలా అంది: "ఒలమ్మో, సెంచాకి కూడా సిల్లులెట్టీసినాడు. రేపు నా గాజులకీ ఎట్టీగలడు." నాన్న తల ఎత్తకుండానే, "నీ గాజులు నాను మొయ్యను గదే" అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

ఆయన అసలు పనితనం పొయ్యిలో ఉండేది. పాలపొడి డబ్బాలో కాస్త చిన్న డబ్బా దూర్చి, రెండిటికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వదిలేవాడు. బయటి డబ్బాకి కిందివైపు చిల్లులు. లోపలి డబ్బాకి అడుగున కొన్ని, పై అంచు చుట్టూ కొన్ని. సందులో వేడెక్కిన గాలి పై చిల్లుల్లోంచి వచ్చి, లేవబోతున్న పొగని కూడా మండించేస్తుంది. గుప్పెడు పుల్లలతో మనిషికి సరిపడా అన్నం ఉడికేది, పొగ పోచంత కూడా లేచేది కాదు. పార్టీలో అందరికీ ఆయనే చేసిచ్చాడు. ఇంత అవస్థ దేనికి, పొగొస్తే ఏమవుతుందని నేనడిగితే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఆ అడివి మనది కాదే బుల్లీ. మనకన్నా ముందు నుండీ అందల ఆళ్ళున్నారు. ఆళ్ళింటి మీంచి నడిసిపోతన్నాం. ఆళ్ళ కళ్ళల్లో పొగెట్టకూడదు." ఆ అడవి మనుషుల్ని నాన్న ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు మాత్రం తనని రోజూ చూస్తున్నారని ఆయనకి గట్టి నమ్మకం.

ఆ పొయ్యికి కవల పొయ్యి ఒకటి ఇంట్లో ఉండేది. ఒకే జత డబ్బాలు, ఒకేలా చిల్లులు. నాన్న అడవిలో ఉన్నప్పుడు సాయంత్రం కీచురాళ్ళు కూసే వేళకి అమ్మ ఇక్కడ అది అంటించాలి, ఆయన అక్కడ తనది అంటిస్తాడు. అదీ వాళ్ళిద్దరి ఒప్పందం. ఉడికిందని తెలియగానే నాన్న చెంచాతో డబ్బా అంచు మీద టంగు టంగుమని కొట్టేవాడు, నిప్పులు కిందికి దిగడానికి. చిల్లుల చెంచా కదా, ఆ చప్పుడు డొల్లగా, దూరంనుంచి వస్తున్నట్టు ఉండేది. తిన్నాక బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమి, పొయ్యి బోర్లించి, దాని మీద గిన్నె బోర్లించి, పిడి నీళ్ళవైపు తిప్పి పెట్టేవాడు. ఇంట్లో ఉన్నా అంతే, పిడి నీళ్ళకుండ వైపే ఉండాలి. మేమెవరమైనా అటూ ఇటూ తిప్పితే గొణుక్కుంటూ మళ్ళీ సర్దేవాడు. అదేం చాదస్తమో అని అమ్మ విసుక్కునేది.

ఒక విడత పార్టీ తిరిగొచ్చినప్పుడు అందులో నాన్న లేడు. మంగళ్ భయ్యా వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన రాంచీ మనిషి, నాన్నకి జోడీదారు, గొలుసు రెండో కొస పట్టేది ఆయనే. మా తెలుగు ఆయనకీ, ఆయన హిందీ మాకూ ఒంటబట్టాయి. "పొద్దున నీళ్ళకి వాగులోకి దిగినాడు దీదీ. సంచి వీపునే ఉంది, ఆయన దింపడు కదా. వాపస్ రాలేదు" అన్నాడు. బాగా వెతికారట. గొంతులు పోయేలా పిలిచారట. రోజూ సాయంత్రం ఎత్తైన గుట్టెక్కి చెట్ల తలల మీదుగా నాలుగు వైపులా చూశారట. "మనిషి జిందా ఉంటే వంటకి ఆగ్ పెడతాడు. ఆగ్ పెడితే ధువా లేస్తుంది. మేం రోజూ చూసినాం దీదీ. ధువా లేదు." అది చెప్పి ఆయన మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అమ్మ చంకలో ఉన్న తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

పొగ లేదు కాబట్టి మనిషి లేడని వరసంతా తీర్మానించేసింది. పక్కింటి పైడమ్మత్తకి భర్త పోయి చాలాకాలం. మా వరస ఇళ్ళలో మంచికీ చెడుకీ ఆవిడ మాటే. "కర్మ సేయకపోతే ఆడు అడివిలోనే తిరగతాడే. బిడ్డల మీదకొస్తాది" అని రోజూ వచ్చి చెప్పేది. అదే రోజుల్లో సాయంత్రాలు, కీచురాళ్ళు ఆగిన ఆ కాసేపట్లో, వెనక అడవిలోంచి చప్పుడు వినిపించడం మొదలైంది. టంగు, టంగు. డొల్లగా, దూరంగా. నేను అమ్మ కొంగు పట్టుకుని, "నాన్న చెంచా" అన్నాను. "వడ్రంగి పిట్ట" అంది అమ్మ. పైడమ్మత్త కూడా వింది. విని, మా వెనక తలుపు తానే మూసి గడియ పెట్టి, "నీళ్ళడగతన్నాడు" అంది. చప్పుడు వచ్చినప్పుడల్లా గాల్లో ధూప్ చెట్టు బంక కాలిన వాసన వచ్చేది. పుల్లలు తడిసినప్పుడు నాన్న రాజేసేది ఆ బంకతోనే. వరసలో ఎవరింట్లోనూ అప్పుడు పొయ్యి వెలిగి ఉండేది కాదు. నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను.

కర్మకి రోజు పెట్టారు. ఆ రోజు సాయంత్రం ఆడవాళ్ళు పసుపూ, కుంకుమా, పువ్వులూ పళ్ళెంలో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. చివరిసారిగా అలంకరించి, ఆ తర్వాత గాజులు చితక్కొట్టడానికి. మంగళ్ భయ్యా ఓ పక్కన నిలబడ్డాడు. అమ్మ చేతుల నిండా ఎర్ర గాజులు, ఆ ముందటి విడత ఓడలో వచ్చినవి, నాన్న కొన్నవి. నాకు వాటి మీంచి చూపు తిప్పుకోవడం చాతకాలేదు. అంతలో తమ్ముడు ఆకలికి గుక్కపట్టాడు. "గంజి కాసి వస్తాను, ఆగండి" అని అమ్మ పెరట్లోకి పోయి కవల పొయ్యి అంటించింది. చాలాసేపు రాలేదు. పైడమ్మత్త కేకేసింది, పలకలేదు. వెళ్ళి చూస్తే అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, మంట వైపు కాదు, మంట మీద ఖాళీగా ఉన్న గాలి వైపు చూస్తోంది.

"బయ్యా, ఇలారా" అంది. గొంతు ఎంత మామూలుగా ఉందంటే నాకు భయం వేసింది. మంగళ్ భయ్యా వచ్చాడు. "ఇదేటి?" అంది అమ్మ, పొయ్యి చూపించి.

"చూల్హా, దీదీ."

"ఎలగతందా?"

"వెలుగుతోంది."

"పొగేది మరి?"

ఆయన పొయ్యిని చూశాడు. అమ్మని చూశాడు. మళ్ళీ పొయ్యిని చూశాడు. అమ్మ లేచి నిలబడింది. "మీ అందరి సంచుల్లోనూ ఇయే గదా! ఆ మడిసి సేతుల్తో సేసిచ్చినయ్యే గదా! ఎప్పుడైనా పొగొచ్చిందేటి? రాని పొగ కోసం కొండెక్కి సూసీసి, నేదని దిగొచ్చీసి, నా మొగుడు సచ్చిపోనాడని సెప్తావా? నీకు బుర్రుందా బయ్యా?" మంగళ్ భయ్యా అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "హాయ్ రామ్" అన్నాడు. ఆయనా రోజూ ఆ పొయ్యి మీదే వండుకు తిన్నాడు. గుట్ట మీద నిలబడి పొగ కోసం వెతికిన వాళ్ళందరి వీపుల మీదా పొగ రాని పొయ్యిలే ఉన్నాయి. పైడమ్మత్త పళ్ళెం మీద కొంగు కప్పి ఇంటికి పోయింది. మళ్ళీ వెతకడానికి మనుషులు ఆ పూటే బయల్దేరారు.

ఈసారి దొరికింది. నాన్న కాదు, పొయ్యి. వాగు ఒడ్డున పలకరాయి మీద, గిన్నె అడుగున గంజి అట్టకట్టి, లోపల బూడిద ఇంకా వేడిగా. పిలిచారు, వెతికారు, పలికినవాళ్ళు లేరు. మంగళ్ భయ్యా ఆ పొయ్యినీ గిన్నెనీ గుడ్డలో చుట్టి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు, ఆమెకి కాస్త ధైర్యం చిక్కుతుందనుకున్నాడు పాపం. మొత్తం వ్యవహారంలో అమ్మ ఏడవగా నేను చూసింది అప్పుడే. "ఎందుకు తెచ్చీసినావు బయ్యా? ఇప్పుడాయన దేంట్లో వండుకుంటాడు? ఏటి తింటాడు?" అని గుండెలు బాదుకుంది. బియ్యం, పప్పు, ఉప్పు, మైనపు గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె అమ్మ కట్టి ఇచ్చింది. మంగళ్ భయ్యా వాటితో పాటు పొయ్యినీ గిన్నెనీ తీసుకుపోయి, ఆ పలకరాయి మీదే నిలబెట్టి వచ్చాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, మంగళ్ భయ్యా మా మెట్టు మీద కూర్చుని చెప్పగా విన్నాను. అటు పని పడ్డప్పుడల్లా అమ్మ మూట కట్టేది, ఆయన పెట్టి వచ్చేవాడు. మళ్ళీ వెళ్ళేసరికి మూట ఖాళీ. తాను మామూలుగా నిలబెట్టి వచ్చిన పొయ్యి తోమి, బోర్లించి ఉండేదట. దాని మీద గిన్నె బోర్లించి ఉండేది. పిడి నీళ్ళవైపు. ఆ మాట చెప్పినప్పుడు అమ్మ కళ్ళు మూసుకుంది. ఒకసారి ఆయన మూట పెట్టి, చెట్ల చాటున పొద్దుపోయేదాకా కాపు కాశాడట. "నేను చూస్తున్నంతసేపూ ఎవ్వరూ రాలేదు దీదీ. సరే అని వెనక్కి తిరిగి కొంచెం దూరం వచ్చినాను. టంగ్ టంగ్ వినపడింది. పరిగెత్తినాను. పొయ్యి వెలుగుతోంది. అన్నం ఉడుకుతోంది. మనిషి లేడు." అది చెబుతూ తన చేతి మీద లేచిన వెంట్రుకలు మాకు చూపించాడు. నాన్నే అయితే ఇంటికెందుకు రాడని పైడమ్మత్త అడిగింది. "దారి తెలిస్తే రాడేటి?" అంది అమ్మ. అడవిలోవాళ్ళు ఎవరో వాడుకుంటున్నారని కొందరన్నారు. అమ్మ మీద జాలికొద్దీ మంగళ్ భయ్యా కథలు అల్లుతున్నాడని నేనే పెద్దయ్యాక అనుకున్నాను. ఆ చేతి మీద వెంట్రుకలు గుర్తొస్తే మాత్రం ఆ అనుమానం నిలవదు.

వానాకాలం వాగు పొంగి తగ్గాక చూస్తే పలకరాయి మీద పొయ్యి లేదు. "మకాం మార్సుంటాడు" అంది అమ్మ. ఆ సాయంత్రం ఇంటి పొయ్యి అంటించి, మంట అందుకున్నాక గుప్పెడు పచ్చాకు తెచ్చి అందులో కుక్కింది. ఆ పొయ్యికి పొగ రావడం మొట్టమొదటిసారి చూశాను. తెల్లగా, చిక్కగా, కొబ్బరిచెట్ల మీదికి లేచింది. "ఆయనది మనకి కనపడదు. మనదైనా ఆయనకి కనపడాలి" అంది. ఆ తర్వాత మా వరస ఇళ్ళ పక్కనే ఉన్న పార్టీ క్యాంపులో అమ్మ వంటమనిషిగా చేరింది, పార్టీవాళ్ళిచ్చిన ఆ ఇల్లు వదలకుండా ఉండటానికి. పచ్చాకు కోసుకొచ్చే పని నాది. వానైనా, జ్వరమైనా, ఒక్క సాయంత్రం తప్పలేదు. తమ్ముడు ఉద్యోగంలో చేరి పట్నంలో, డిగ్నాబాద్‌లో ఇల్లు కట్టి బలవంతాన తీసుకొచ్చాక కూడా డాబా మీద పొగ వేసేది. చుట్టుపక్కలవాళ్ళు దోమలకనుకున్నారు. "ఆంటీజీ పుణ్యమా అని మాకూ మచ్ఛర్ లేవు" అని మెచ్చుకునేవాళ్ళు. అమ్మ పోయినప్పుడు పసుపూ కుంకుమా పెట్టి, ఎర్ర గాజులతోనే పంపించాను. భర్త ఉన్నారా అని పంతులు అడిగాడు. ఊళ్ళో లేరని చెప్పాను.

ఇదంతా రియాకి నేనేం చెప్పలేదు. ఉప్పుగాలికి ఆ ఇంటి పొయ్యి ఎప్పుడో పొడైపోయింది, చూపించడానికీ లేదు. ఇప్పటి పిల్లలకి తప్పిపోవడమంటే ఏమిటో తెలీదు. "నేను ఎక్కడున్నానో నీ ఫోన్లో చుక్కలాగా కనిపిస్తా నానమ్మా" అని నా ఫోన్లో ఏదో నొక్కి పెట్టింది. కొండ మీద సిగ్నల్ ఉంటుందా అంటే, "కొంచెంసేపు ఉండదు, బస్, అంతే" అంది. ఆ కొంచెంసేపు ఎంతసేపో ఎవరికి తెలుసు? మా అమ్మ చేతిలో చుక్క కూడా లేదు. అయినా ఆయనెక్కడున్నాడో తెలిసినట్టే బతికింది. నా చేతిలో చుక్క ఉంది, నాకు నిద్ర పట్టదు.

పొయ్యి చల్లారాక పిల్ల దాన్నీ, దానితో వచ్చిన చిన్న గిన్నెనీ పెరట్లో పంపు దగ్గరికి తీసుకుపోయి తోమింది. నేను గట్టు మీంచే చూస్తున్నాను. పొయ్యి బోర్లించింది. దాని మీద గిన్నె బోర్లించింది. గిన్నె పిడి ఒకసారి ఇటు పెట్టి, నచ్చక, పంపు వైపుకి తిప్పింది.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఏంటి?"

"అలా బోర్లించి, పిడి నీళ్ళవైపు పెట్టడం."

"ఎవరు నేర్పుతారు? బోర్లిస్తే నీళ్ళు కారిపోతాయి. పిడి ఇటు ఉంటే నీళ్ళ దగ్గర్నుంచి చెయ్యి చాపి తీసుకోవచ్చు. సింపుల్ నానమ్మా."

సింపులే. ఎవరైనా అలాగే పెడతారన్నమాట. ఏ మనిషైనా. అమ్మ తన జీవితమంతా ఆ పిడి మీద పెట్టి బతికింది. ఈ మాట వినడానికి ఆవిడ లేకపోవడమే మంచిదనిపించింది. కానీ నాన్నని అడిగి ఉంటే, తల ఎత్తకుండా, అచ్చం ఆ గొంతుతో, అచ్చం ఆ జవాబే చెప్పేవాడు. తిప్పిన ఈ పిల్ల చెయ్యి కూడా ఆయనదే.

పొద్దు కుంకుతోంది. విమానాశ్రయం వైపు గోల సద్దుమణిగింది. పెరట్లో కీచురాళ్ళు అందుకుని, ఉన్నట్టుండి ఆగిపోయాయి. నేను లేచి జామచెట్టు దగ్గరికి పోయి రెండు గుప్పిళ్ళు పచ్చాకు దూసి తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను. "రోజూ సాయంత్రం పొయ్యి అంటించాక కొంచెం ఇందులో వెయ్యి. ఇవి ఎండిపోతే అక్కడివి కోసుకో. పొగ లేవాలి."

"అరె, ధువా రాకూడదనే కదా ఇది కొన్నాను! అక్కడ ఎవరుంటారు చూడ్డానికి?"

"మీ ముత్తాత."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మొహంలోకి చూసి, ఆకులు సంచి పై అరలో, చేతికి అందేచోట పెట్టుకుంది.